సైకిల్‌తో శాంతియుత ఉద్యమం: తరచుగా అడిగే ప్రశ్నలు

సైకిల్ ర్యాలీ పెట్టాలనుకునేవాళ్లూ, పెట్టేసి "ఏమీ మారలేదేంటి" అని నిరాశపడేవాళ్లూ దాదాపు ఒకే సందేహాలు అడుగుతుంటారు. వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. వరుసగా చదవాల్సిన పని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## మొదలుపెట్టక ముందు

సైకిల్ తొక్కితే ప్రభుత్వాలు మారతాయా? నిజంగా ఎక్కడైనా ఏదైనా మారిందా?

మారింది. 1971లో నెదర్లాండ్స్‌లో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు, వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. "పిల్లల హత్యలు ఆపండి" అనే పేరుతో తల్లిదండ్రులు ఉద్యమం లేవదీశారు. సైకిల్ ర్యాలీలు తీశారు, వీధులు మూసి పిల్లల్ని ఆడుకోనిచ్చారు, ప్రమాదాలు జరిగిన చోట్ల బైఠాయించారు. 1973 చమురు సంక్షోభం వాళ్ల వాదనకు బలమిచ్చింది. ఇప్పుడు అందరూ మెచ్చుకునే అక్కడి సైకిల్ దారులకు పునాది ఆ ఒత్తిడే.

కొలంబియా రాజధాని బొగొటాలో 1974 డిసెంబర్ 15న పౌరులు కొన్ని గంటలపాటు ప్రధాన రోడ్లను సైకిళ్లతో నింపారు. అదే సిక్లోవియా. ఇప్పుడు అక్కడ ప్రతి ఆదివారం, సెలవు రోజుల్లో ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా 120 కిలోమీటర్లకు పైగా రోడ్లు కార్లకు మూసేస్తారు. బెర్లిన్‌లో 2016లో సైకిల్ దారుల కోసం ప్రజాభిప్రాయ సేకరణ కోరుతూ మూడున్నర వారాల్లో లక్షకు పైగా సంతకాలు సేకరించారు. చట్టం ప్రకారం కావలసింది 20 వేలే. 2018లో నగరం కొత్త రవాణా చట్టం చేసింది.

వీటిలో ఏదీ తొక్కడం ఒక్కదానితో రాలేదు. తొక్కడం వల్ల జనం కనబడ్డారు, కనబడినవాళ్లు ఫలానాది కావాలని వదలకుండా అడిగారు.

నడిచి ఊరేగింపు తీస్తే సరిపోదా? సైకిలే ఎందుకు?

నడకలో గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు దాటలేరు, సైకిల్‌పై మెల్లగా వెళ్లినా పది దాటుతారు. అంటే మూడు రెట్ల వీధులకు మీ మాట చేరుతుంది. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంటాయి కాబట్టి రాళ్లు, కర్రలు పట్టే వీలుండదు. చూసేవాళ్లకూ భయం వేయదు. పైగా రోడ్డు మీద చోటు కావాలని అడగడమూ ఆ చోటును వాడి చూపించడమూ ఒకేసారి జరుగుతాయి.

అయితే ఆగి మనుషులతో మాట్లాడాలన్నా, ఒక ఆఫీసు ముందు గంటల తరబడి కూర్చోవాలన్నా నడకే మేలు. సైకిళ్లు అక్కడ అడ్డం.

మా డిమాండ్ ఎలా ఉండాలి?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. "కాలుష్యం తగ్గాలి", "సైక్లిస్టులను గౌరవించాలి" అనేవి కోరికలు. వాటికి "తప్పకుండా" అని ఏ నాయకుడైనా నవ్వుతూ తలూపి వెళ్లిపోవచ్చు. డిమాండ్‌లో నాలుగు సంగతులు ఉండాలి: ఏ రోడ్డు, అక్కడ ఏం మారాలి, సంతకం పెట్టాల్సింది ఎవరు, ఎప్పటిలోగా. "హైస్కూలు నుంచి రైల్వే స్టేషన్ దాకా ఉన్న 1.8 కిలోమీటర్ల రోడ్డుకు రెండు పక్కలా, 2 మీటర్ల వెడల్పున, దిమ్మెలతో వేరుచేసిన సైకిల్ దారి కావాలి. వచ్చే బడ్జెట్‌లో నిధులు కేటాయించాలి" అంటే అవుననో కాదనో చెప్పక తప్పదు.

సాంకేతిక వివరాలు మీరే రాసివ్వండి, లేకపోతే చవకైన రూపంలో ఇచ్చి చేతులు దులుపుకుంటారు. ఒట్టి పెయింట్ గీతను ఒప్పుకోవద్దు, అది మర్నాటికల్లా పార్కింగ్ అవుతుంది. దారి 1.5 మీటర్ల కంటే సన్నగా ఉంటే ఒకర్నొకరు దాటలేరు. వేగ పరిమితి అడుగుతుంటే లెక్కతో అడగండి. గుద్దుకునే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 30 కిలోమీటర్ల వేగంతో పోలిస్తే 50 దగ్గర ఆ శక్తి దాదాపు 2.8 రెట్లు.

"ఆ రోడ్డు మీద సైకిళ్లే కనబడవు, దారి ఎవరికి?" అని అధికారులు అంటే?

మాటలతో కాదు, లెక్కతో జవాబివ్వండి. మంగళ, బుధ, గురువారాల్లో ఒక రోజు ఎంచుకోండి (వారం మొదట్లో, చివర్లో రద్దీ వేరుగా ఉంటుంది). పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఒకేచోట నిలబడి లెక్కించాలి. ఒక్కో దిశకు ఒక్కో మనిషి. కాగితం మీద ప్రతి 15 నిమిషాలకు ఒక వరుస, నిలువు గడుల్లో సైకిల్, నడక, బైకు, కారు, బస్సు. సైకిల్ గడిని మళ్లీ ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలుగా విడగొట్టండి. వాన పడిన రోజు లెక్కను పక్కన పెట్టండి.

సైకిళ్లు నిజంగానే తక్కువ తేలితే దాచొద్దు. వాటిలో ఆడవాళ్లు, పిల్లలు ఎంతమందో చూడండి. ఆ సంఖ్య బాగా తక్కువగా ఉంటే జనం ఆ రోడ్డుకు భయపడుతున్నారని అర్థం. నదిలో ఈదుతున్నవాళ్లను లెక్కపెట్టి వంతెన అవసరమో కాదో తేల్చరు కదా.

కనీసం ఎంతమంది ఉండాలి?

ఇరవై మంది చాలు, కానీ ప్రతి నెలా అదే రోజు రావాలి. క్రిటికల్ మాస్ అనే నెలవారీ సైకిల్ ర్యాలీ 1992 సెప్టెంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైనప్పుడు 50 మంది కూడా లేరు. ప్రతి నెలా చివరి శుక్రవారం అనే నియమంతోనే అది ప్రపంచమంతా పాకింది. 2008 ఏప్రిల్‌లో బుడాపెస్ట్‌లో దాదాపు 80 వేల మంది తొక్కారు.

## అనుమతి, రూటు, మనుషులు

పోలీసుల అనుమతి తప్పనిసరా?

దేశాన్ని బట్టి నియమం మారుతుంది. చాలాచోట్ల ఊరేగింపుకు ముందస్తు సమాచారం ఇవ్వాలి, కొన్నిచోట్ల అనుమతే తీసుకోవాలి. జర్మనీలో 15 మందికి మించిన సైకిల్ గుంపును ఒకే వాహనంలా చూస్తారు. ముందున్నవాళ్లు పచ్చ లైటులో కూడలి దాటితే, మధ్యలో ఎర్ర లైటు పడినా మిగతా వరుస వెనకే దాటొచ్చు. ఇంకోచోట అదే పని చేస్తే జరిమానా పడుతుంది. కాబట్టి మీ చోట చట్టం ఏముందో ఒక లాయర్‌తో చదివించుకోండి.

మా సలహా: మొదటి కొన్ని ర్యాలీలకు రాతపూర్వకంగా తెలియజేయండి. బయల్దేరే చోటు, రూటు, సమయం, అంచనా సంఖ్య, బాధ్యుల ఫోన్ నంబర్లు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకున్న కాపీని ర్యాలీలో జేబులో ఉంచుకోండి. అనుమతి అడగడం లొంగిపోవడమే అనే వాదన ఒకటుంది. దానికీ బలముంది. కానీ పిల్లలతో, ముసలివాళ్లతో వచ్చే కుటుంబాలను పిలుస్తూ ఆ ప్రయోగం చేయకూడదు.

రూటు ఎలా ఎంచుకోవాలి?

8 నుంచి 12 కిలోమీటర్లు. రోజూ తొక్కనివాళ్లు కూడా గంట, గంటన్నరలో పూర్తి చేయగలగాలి. డిమాండ్‌లో ఉన్న రోడ్డు రూటులో తప్పనిసరి, అదీ రెండో సగంలో, అందరూ వచ్చి కలిశాక. మొదటి కిలోమీటరులో ఎక్కుడు పెట్టొద్దు, కాళ్లు వేడెక్కకముందే సగంమంది దిగి నెడుతూ ఉంటారు. రైల్వే గేట్లు వద్దు, వరుస రెండు ముక్కలైతే మళ్లీ కలపడానికి పావుగంట పడుతుంది. ఎడమవైపు సాగే చోట కుడి మలుపులు, కుడివైపు సాగే చోట ఎడమ మలుపులు తగ్గించండి, ఎదురొచ్చే వాహనాలను కోసుకుంటూ వెళ్లాల్సిన మలుపులు అవే.

ర్యాలీకి వారం ముందు, అదే రోజున, అదే వేళకు ఒకసారి తొక్కి చూడండి. గుంతలు, మూతల్లేని మ్యాన్‌హోళ్లు, చక్రం దూరేంత సందున్న మురుగు కాలువ జాలీలు రాసుకోండి. ర్యాలీ రోజున ఆ ఒక్కో చోట సుద్దపొడితో వలయం గీస్తే చాలు. చివరికి చేరే చోట 200 సైకిళ్లు నిలపడానికి ఖాళీ ఉందో లేదో కూడా చూడాలి. దీన్ని దాదాపు అందరూ మరచిపోతారు.

వలంటీర్లు ఎంతమంది కావాలి? వాళ్లేం చేయాలి?

200 మంది వచ్చే ర్యాలీకి 22 మంది. ముందు ఇద్దరు: వాళ్లకు రూటు కంఠతా రావాలి, వాళ్లను ఎవరూ దాటకూడదు. వెనక ఇద్దరు: ఆఖరి మనిషిని వదిలి ముందుకు రాకూడదు, పానలు వాళ్ల దగ్గరే ఉండాలి. మధ్యలో ప్రతి 20 మందికి ఒకరు చొప్పున పది మంది. మిగతా ఎనిమిది మంది కూడళ్లలో అడ్డ రోడ్డు దగ్గర సైకిల్ అడ్డంగా పెట్టి, వరుస దాటేదాకా వాహనాలను ఆపి ఉంచుతారు. దీన్ని కార్కింగ్ అంటారు. వాళ్లు ఒక కూడలి అయ్యాక వరుసను దాటుకుని తర్వాతి కూడలికి చేరాలి. నలుగురైతే ఊపిరాడదు, అందుకే ఎనిమిది మంది రెండు జట్లుగా, బాగా తొక్కగలిగేవాళ్లు.

కార్కింగ్‌కు కోపిష్టి మనిషిని ఎప్పుడూ పెట్టొద్దు. ముందురోజు అరగంట నాటకంలా అభ్యాసం చేయించండి: ఒకరు అరుస్తున్న డ్రైవర్, ఇంకొకరు వలంటీర్. తర్వాత పాత్రలు మార్చండి. ఆ అరగంటలో ఎవరు పనికొస్తారో, ఎవరు పనికిరారో తేలిపోతుంది.

## రోడ్డు మీద

ఇద్దరేసి వెళ్లడం మర్యాద కాదా? రోడ్డంతా ఎందుకు ఆక్రమించాలి?

లెక్క చూడండి. మెల్లగా వెళ్లే గుంపులో ఒక్కో వరుసకు సుమారు 4 మీటర్లు కావాలి. 200 మంది ఇద్దరేసి వెళ్తే 100 వరుసలు, 400 మీటర్లు. గంటకు 12 కిలోమీటర్లంటే నిమిషానికి 200 మీటర్లు, అంటే కూడలి దాటడానికి 2 నిమిషాలు. నలుగురేసి వెళ్తే 1 నిమిషమే. కూడలిలో నిలబడ్డవాళ్లకు వెడల్పు గుంపే మేలు.

పొడవాటి ఒకే లేన్ రోడ్డు మీద మాత్రం ఇద్దరేసి చాలు, వెనక వాహనాలకు వీలైన చోట దారివ్వాలి.

ముందువాళ్లు మెల్లగానే వెళ్తున్నారు, అయినా వెనకవాళ్లు పరుగులు తీయాల్సొస్తోంది. ఎందుకు?

ముందు ఒక్కరు బ్రేక్ నొక్కితే వెనక ఉన్న ఒక్కొక్కరూ కాస్త ఆలస్యంగా, కాస్త గట్టిగా నొక్కుతారు. మళ్లీ బయల్దేరడమూ అంతే. వెనక్కి పోయేకొద్దీ ఆ తేడా పెరిగి, ఆఖరి వాళ్లు ఒకసారి ఆగిపోయి, ఒకసారి గంటకు 20 కిలోమీటర్లకు మించిన వేగంతో తొక్కాల్సి వస్తుంది. మందు ఒక్కటే: ముందు జంట 10–12 దాటకూడదు. మలుపు తిరిగాకా, ఎక్కుడు ఎక్కాకా వెంటనే వేగం పెంచకూడదు, వరుస పూర్తిగా దాటేదాకా అదే మెల్లని వేగం. ప్రతి 3 కిలోమీటర్లకు ఒకసారి విశాలమైన చోట 2–3 నిమిషాలు ఆగండి. స్పోర్ట్స్ సైకిళ్ల వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

దారిలో పంక్చరైనా, చైను ఊడినా ఏం చేయాలి?

గుంపు ఆగకూడదు. పాడైన సైకిల్‌ను పక్కకు తీస్తారు, వెనకున్న ఇద్దరిలో ఒకరు ఆగుతారు. వెంట ఉండాల్సినవి: 15 నంబరు పాన, 4, 5, 6 మి.మీ. అలెన్ కీలు, మూడు టైరు లీవర్లు, ప్యాచ్‌లు, సొల్యూషన్, గరుకు కాగితం, రెండు రకాల వాల్వులకూ పనిచేసే గాలి పంపు, ఎక్కువమంది వాడే రెండు సైజుల ట్యూబులు. దారిలో ప్యాచ్ వేస్తూ కూర్చోకండి. ట్యూబు మార్చేయండి, పాతదానికి ఇంటి దగ్గర ప్యాచ్ వేసుకోవచ్చు. ట్యూబు పెట్టే ముందు టైరు లోపలివైపు వేలితో తడిమి ముల్లు తీయకపోతే పది నిమిషాల్లో మళ్లీ అదే కథ.

చాలా ఇబ్బందులు బయల్దేరే చోటే తప్పుతాయి. అరగంట ముందు ఇద్దరు నిలబడి ప్రతి సైకిల్‌కు గాలి, బ్రేకులు, చైను చూస్తే చాలు.

జెండాలు, బ్యానర్లు ఎలా కట్టాలి?

హ్యాండిల్‌కు వెడల్పు బ్యానర్ కట్టొద్దు, గాలికి హ్యాండిల్ తిరిగిపోతుంది. ఫ్రేము మధ్య త్రికోణంలో అట్టముక్క, క్యారియర్‌కు చిన్న బోర్డు మంచివి. జెండా కర్ర క్యారియర్‌కు నిలువుగా కట్టాలి, చేత్తో పట్టుకోకూడదు. చువ్వల్లో చిక్కితే మనిషి ముందుకు ఎగిరి పడతాడు, వెనక నలుగురు వచ్చి పడతారు. వదులు బట్టలు ధరించినవాళ్లు వెనక చక్రంవైపు కొంగులు వేలాడకుండా బిగించుకోవాలి.

అంబులెన్స్ వస్తే?

మూడు విజిళ్లు, అందరూ ముందే తెలిసిన ఒకవైపుకు జరిగి ఆగాలి. ఈ సంకేతం బయల్దేరే ముందు ఒకసారి అభ్యాసం చేయించండి. ఒక్క అంబులెన్స్‌ను అడ్డుకున్న వీడియో చాలు, ఏళ్ల తరబడి సంపాదించిన మద్దతు పోతుంది.

## గొడవ వచ్చినప్పుడు

కారులో ఉన్నవాళ్లు తిడుతూ మీదికి దూసుకొస్తే?

వాదించకండి. అద్దం మీద కొట్టడం, బానెట్ మీద చెయ్యి వేయడం ఎంతమాత్రం కూడదు, ఆ క్షణం నుంచి కథ మీ చేతిలో ఉండదు. వలంటీర్ సైకిల్ దిగి, దాన్ని తనకూ కారుకూ మధ్య ఉంచుకుని, "రెండు నిమిషాలండీ, వెళ్లిపోతున్నాం" అని మెల్లగా చెప్పాలి. ఇంకొకరు కరపత్రం అందించాలి. కారు నిజంగానే కదిలితే పక్కకు తప్పుకోవాలి, ఏ డిమాండ్ అయినా కాలు విరగ్గొట్టుకునేంతది కాదు. కారు నంబర్ మాత్రం రాసుకోండి.

పోలీసులు ఆపితే?

ఆగండి. మాట్లాడాల్సింది ముందే నిర్ణయించిన ఇద్దరే, మిగతావాళ్లు సైకిళ్లు పక్కన నిలిపి ఊరుకోవాలి. గుంపుగా చుట్టుముట్టొద్దు. ఎవరినైనా తీసుకెళ్తే ఏ స్టేషన్‌కో అడిగి, పేరు, సమయం రాసుకుని, లాయర్‌కు ఫోన్ చేయాలి. సైకిళ్లు స్వాధీనం చేసుకుంటే రసీదు అడగాలి.

పాత అనుభవాన్ని నమ్ముకోవద్దు. న్యూయార్క్‌లో క్రిటికల్ మాస్ ఏళ్ల తరబడి పెద్దగా ఇబ్బంది లేకుండా సాగింది. 2004 ఆగస్టులో, రిపబ్లికన్ పార్టీ జాతీయ సమావేశానికి ముందు జరిగిన ర్యాలీలో 250 మందికి పైగా అరెస్టయ్యారు. తొక్కడం అదే, రాజకీయ వాతావరణం మారింది.

ఒక పార్టీ వాళ్లు జెండాలు కట్టుకుని వచ్చి కలిస్తే?

మనుషుల్ని రానివ్వండి, జెండాలు వద్దనండి. ఈ నియమాన్ని మొదటి ర్యాలీ పిలుపులోనే రాయాలి, వాళ్లు వచ్చాక పెడితే ఎవరినో లక్ష్యం చేసినట్టు ఉంటుంది. నాయకులు వస్తే వేదిక ఎక్కించకుండా సైకిల్ ఎక్కించండి, ఆ రోడ్డు మీద ఆ రెండు కిలోమీటర్లు తొక్కించండి.

## ర్యాలీ ఒక్కటే కాదు

మా ర్యాలీలకు ఆడవాళ్లు రావడం లేదు. ఏం చేయాలి?

పిలవడం కాదు, నేర్పించడం కావాలి. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలోనే సైకిల్ నేర్పడాన్ని కలిపారు. వేలాది గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారు. నీళ్లకూ, పనికీ, చదువుకూ ఒకరి మీద ఆధారపడటం తగ్గింది. బీహార్ 2006లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లిచ్చే పథకం పెట్టింది. దాన్ని పరిశీలించిన అధ్యయనంలో ఆ వయసు అమ్మాయిల హైస్కూలు చేరికలు 32 శాతం పెరిగినట్టు తేలింది. సైకిల్ చేసే సామాజిక మార్పుల్లో మా దృష్టిలో ఇదే అన్నిటికంటే లోతైనది.

పెద్దవాళ్లకు నేర్పే పద్ధతి వేరు. వెనక సీటు పట్టుకుని పరిగెత్తకండి. పెడల్స్ రెండూ విప్పేయండి (ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, మామూలు దిశకు వ్యతిరేకంగా తిప్పితేనే ఊడుతుంది). రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా సీటు దించండి. స్వల్పంగా వాలున్న, గుంతల్లేని నేల మీద కాళ్లతో తోసుకుంటూ, పాదాలు ఎత్తి జారనివ్వండి. అయిదారు మీటర్లు తడబడకుండా జారగలిగాక మొదట బ్రేకులు వాడటం నేర్పి, ఆ తర్వాతే పెడల్స్ బిగించండి. చూసేవాళ్లు లేని చోటు ఎంచుకోండి. చాలామందిని ఆపేది పడతామనే భయం కంటే నవ్వుతారనే భయం.

చనిపోయిన సైక్లిస్టు గుర్తుగా తెల్ల సైకిల్ పెట్టాలనుకుంటున్నాం. ఎలా?

ముందు కుటుంబాన్ని అడగండి, వద్దంటే ఆపేయండి. ఇవి 2003లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మొదలయ్యాయి. పాత, పనికిరాని సైకిల్ తీసుకుని చైను, తీగలు, బ్రేకులు, రబ్బరు భాగాలు తీసేయాలి, దొంగిలించేవాళ్లకు ఆశ ఉండదు. తుప్పు గీకి, ప్రైమర్ వేసి, తెల్ల పెయింట్ రెండు పూతలు. ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్లకు, వాహనాల చూపుకు అడ్డం రాకుండా స్తంభానికి గొలుసుతో కట్టాలి. ఆర్నెల్లకోసారి కడిగి పెయింట్ సరిచేసే బాధ్యత ఒకరికి అప్పగించండి. తుప్పుపట్టి వంగిపోయిన సైకిల్‌ను తీసేయడానికి అధికారులకు కారణం దొరుకుతుంది.

అధికారులు పట్టించుకోకపోతే మేమే లేన్ వేసేస్తే తప్పా?

చాలాచోట్ల చట్టరీత్యా తప్పే. చేసినవాళ్లు ఉన్నారు. 2013లో సియాటిల్‌లో కొందరు పెయింట్ లేన్ పక్కన ప్లాస్టిక్ స్తంభాలు అతికించి, సులువుగా ఊడేలానే అతికించామని నగర అధికారులకు మర్యాదగా ఈమెయిల్ రాశారు. నగరం వాటిని తీసేస్తూ క్షమాపణ చెప్పింది, తర్వాత అదే చోట శాశ్వత స్తంభాలు పెట్టింది. నవ్వు తెప్పించేవీ పనిచేస్తాయి. మాంట్రియల్ మెట్రోలో సైకిళ్లు నిషేధించినప్పుడు ఉద్యమకారులు నిచ్చెనలు, స్కీలు మోసుకుని రైలెక్కారు. నిషేధం సైకిళ్లకే ఉంది మరి.

చట్టాన్ని ఉల్లంఘించకూడదనుకుంటే మనుషులతోనే గోడ కట్టండి. పెయింట్ గీత మీద ఫుట్‌పాత్ వైపు మీటరుకొకరు నిలబడి, గంటసేపు సైకిళ్లకు రక్షణ ఇవ్వడం. 100 మీటర్లకు సుమారు 100 మంది కావాలి, వాహనాల వైపు అడుగు పెట్టకూడదు.

## ఆ తర్వాత

ర్యాలీ బాగా జరిగింది, పేపర్లో ఫోటో కూడా వచ్చింది. ఇప్పుడేంటి?

రెండు రోజుల్లోగా వినతిపత్రం ఇవ్వండి, వేడి చల్లారితే అది ఫైల్లోకి పోతుంది. ఒక పేజీ డిమాండ్, ఒక పేజీ మీ లెక్కలు, రోడ్డు కొలతలతో ఒక చిత్రం. మాట్లాడినప్పుడు ఎవరేం చెప్పారో అదే రోజు ఈమెయిల్‌లో రాసి వాళ్లకే పంపండి, "ఇలా చెప్పారని అర్థం చేసుకున్నాం" అని. తర్వాతి ర్యాలీ తేదీ ఈ ర్యాలీ ముగిసే చోటే ప్రకటించాలి.

ఆరు నెలలకే జనం పలచబడ్డారు.

డిమాండ్ మరీ పెద్దదైతే ఇలాగే అవుతుంది. నెల రోజుల్లో గెలవగలిగిన చిన్నదాన్ని మధ్యలో పెట్టండి: ఒక మూత లేని మ్యాన్‌హోల్, స్కూలు దగ్గర సైకిల్ స్టాండ్. ఇంకో కారణం, పనంతా ఇద్దరి మీదే ఉండటం. ముందు తొక్కేవాళ్లను ప్రతిసారీ మార్చండి.

చివరికి లేన్ వేశారు. ఇప్పుడు అందులో కార్లు పార్క్ చేస్తున్నారు.

కార్ల యజమానులతో తగువు పడకండి, అది డిజైన్ లోపం. ఒక వారం, రోజుకు మూడు వేళల్లో, ఒక్కో 50 మీటర్ల ముక్కలో ఆగి ఉన్న వాహనాలను లెక్కపెట్టి ఫోటోలు తీయండి. దాదాపు ఎప్పుడూ కొన్ని ముక్కల్లోనే, దుకాణాల సరుకు దిగే చోటో, ఆస్పత్రి గేటు ముందో పోగవుతాయి. ఆ ముక్కల్లో మాత్రమే దిమ్మెలు అడగండి. దిమ్మెల మధ్య ఖాళీ 1.5 మీటర్లు దాటితే కారు దూరుతుంది, 1.2 ఉంటే మూడు చక్రాల సైకిల్, వీల్‌చైర్ కూడా వెళ్తాయి. సరుకు దించుకోవడానికి పక్క వీధిలో ఒక చోటు గుర్తించి దాన్నీ అదే కాగితంలో రాసివ్వండి. దుకాణదారులు మీవైపు ఉంటే పని సగం అయినట్టే.